దానమ్మత్త పట్టిన మునుం

గిద్దలూరులో సీటు కవర్లు కుట్టే దుకాణం ముందు, మిట్టమధ్యాహ్నం, కారు వెనక తలుపు తీశాను. ముందు సీటు కుట్టు ఒకచోట ఊడితే బాగు చేయిద్దామని వెళ్ళాను. వెనక తలుపుతో ఆ రోజు నాకు పనే లేదు. తీయగానే ఎండకు కాగిన కొబ్బరిపీచు వాసన వచ్చింది, పాత రెక్సిన్ వాసన వచ్చింది, ఆ రెంటి వెనకాల సన్నగా మోకాళ్ళ నొప్పులకు రాసుకునే బామ్ వాసన కూడా వచ్చింది. ఏ లెక్కన చూసినా ఆ మూడోది ఉండకూడదు. ఏళ్ళు గడిచాయి. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మనిషిని. వాసన గాలిలో ఎలా కలిసి ఎలా పోతుందో పిల్లలకు ఏటా చెబుతాను. ఈ వాసన నా క్లాసుకు వచ్చినట్టు లేదు.

దుకాణం ఆయన లోపలికి తొంగిచూసి, "ముందు సీట్లు కొత్తగా కుట్టించినారు, పైకప్పు గుడ్డ మార్పించినారు, కింద మ్యాట్ కూడా కొత్తదే. ఈ వెనక సీటు ఏం పాపం చేసింది సార్?" అన్నాడు.

"అది చేయలేదు" అన్నాను.

ఆయన నవ్వాడు. నా మాటలకు జనం నవ్వడం మామూలే. నిజం చెప్పినప్పుడు ఇంకొంచెం ఎక్కువ నవ్వుతారు.

ఆ సీటు సంగతి చెప్పాలంటే దానమ్మత్త సంగతి చెప్పాలి. మార్కాపురంలో మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య నడుమెత్తు గోడ ఒకటే అడ్డం. పలకల ఫ్యాక్టరీలో పనికిరాదని పారేసిన రాతి ముక్కలతో కట్టిన గోడ అది. మేము సాయిబులం, వాళ్ళు క్రైస్తవులు. నా చిన్నప్పటికి ఆమె ఇంకా పల్లెలో కూలిపని చేసేది. తర్వాత కొడుకు ప్రభుదాసు ఆటో కొనుక్కుని పట్నానికి చేరితే ఆమె కూడా వచ్చి మా పక్కింట్లో దిగింది. నాకు ఆమె అత్త ఎలా అయిందంటే, మా ప్రాంతంలో పక్కింటావిడ అత్తో పిన్నో పెద్దమ్మో కాకుండా ఉండడానికి వీల్లేదు గనక. మనిషి సన్నం, గొంతు పెద్దది. మోకాళ్ళు పట్టేసినా ఆదివారం చర్చికి అందరికంటే ముందు చేరేది.

కారు మా నాయనది. తెల్ల అంబాసిడర్. మార్కాపురం, దొనకొండల మధ్య సర్వీసు తిప్పేవాడు. ఆటోలు వచ్చాక సర్వీసు పోయింది, కొన్నాళ్ళకు నాయన కూడా పోయాడు, కారు మాత్రం మా ఆవరణలో టార్పాలిన్ కింద మిగిలిపోయింది. ఒక ఎండాకాలం సెలవుల్లో నా ఫోనులో ఒక వీడియో కనబడింది. ఎక్కడో ఎవరో తుప్పు ముద్దలాంటి కారును సొంతంగా విప్పి, గీకి, రంగేసి, కొత్త పెళ్ళికొడుకులా తయారు చేశాడు. మొత్తం పన్నెండు నిమిషాలు పట్టింది. నాకు సెలవులు నెలన్నర ఉన్నాయి. ఫిజిక్స్ మేష్టరుకు ఇంతకంటే లెక్క అక్కర్లేదనిపించింది.

విప్పడంలో నాకు సహజమైన ప్రతిభ ఉందని ఆ వారంలో తెలిసింది. తలుపులు, సీట్లు, దీపాలు, కార్బురేటర్, పేర్లు తెలిసినవీ తెలియనివీ అన్నీ విప్పి వసారాలో పరిచాను. నా భార్య షమీం బియ్యం చేటతో వచ్చి, కాలు పెట్టడానికి చోటు వెతుక్కుని, "పోస్టుమార్టం అయిపోయిందిగా, ఇంక ఖననం ఎప్పుడు?" అని అడిగి వెళ్ళిపోయింది. విప్పినవి మళ్ళీ బిగించాల్సిన వారం వచ్చేసరికి నాలో ఏదో సడలింది. నేను పని మానేయలేదు. ఆ మాట నిక్కచ్చిగా చెప్పగలను. రేపు చేద్దామనుకున్నాను, అంతే. రేపు చేద్దామనుకోవడానికి స్పానర్ కూడా అక్కర్లేదు. కాలేజీ తెరిచారు. టార్పాలిన్ మళ్ళీ కప్పాను. డ్రైవరు సీటు ఉండాల్సిన చోట మా కోడి గుడ్లు పెట్టింది. ఆ కారు వల్ల ఇంటికి జరిగిన మేలు అప్పటికి అదొక్కటే.

దానమ్మత్త రోజూ పొద్దున గోడ మీద మోచేతులు ఆనించి అడిగేది: "ఎంతవరకు వచ్చింది నాయనా?"

ఈ మాట మనవాళ్ళు దేని గురించైనా అడుగుతారు. ఇల్లు కడుతుంటే, పెళ్ళి సంబంధం చూస్తుంటే, ఎవరైనా చదువుకుంటుంటే కూడా. ఏడాదిగా అంగుళం కదలని బండి గురించి అడిగితే మాత్రం అది వేరే రకంగా వినబడుతుంది. మొదట్లో "ఎక్కడికీ రాలేదత్తా, అక్కడే ఉంది" అని హాస్యమాడాను. ఆమె నవ్వి, మరునాడు మళ్ళీ అదే అడిగింది. తర్వాత్తర్వాత నేను పళ్ళు తోముకోవడం పెరటివైపుకు మార్చుకున్నాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం ప్రభుదాసు ఆటో దిగి గోడ దగ్గరికొచ్చాడు. ముఖం నిండా నవ్వు.

"సార్, మీ కారుకు ప్రార్థన పెట్టించింది మాయమ్మ."

"ఏం ప్రార్థన?"

"ప్రార్థన మనవులు చదువుతారు గదా చర్చిలో. జబ్బుపడినోళ్ళు అయిపోయినంక, పరీక్షలు రాసేటోళ్ళ కంటే ముందు, మీ కారు. మస్తాన్ సారు కారు బాగుపడాలని అందరూ మోకాళ్ళ మీద. పాస్టరు అయ్యగారు కూడా." ఇక నవ్వు ఆపుకోలేకపోయాడు. "కారు కోసరం ప్రార్థన చేయడానికి నా ఆటోలో పోతున్నాం సార్, చూడు!"

నాకు చెవులు వేడెక్కాయి. నేను నమాజుకు వెళ్ళేది పండగలకు మాత్రమే. అక్కడ కూడా దేవుడి ముందు కారు మాట ఎత్తే ధైర్యం చేయలేదు. ఇప్పుడు ముక్కూముఖం తెలియని ఒక సమాజమంతా నా బద్ధకాన్ని వారం వారం దేవుడి దృష్టికి తీసుకెళుతోంది. అప్పటికప్పుడు గోడ దాటి వెళ్ళాను.

"అత్తా, కారుకు ప్రార్థన ఏంది? ఇనుము గదా అది."

ఆమె బియ్యంలో రాళ్ళేరుతూ తల కూడా ఎత్తలేదు. "ఇనుముకు కాదులే నాయనా" అంది.

ఆ తర్వాత వచ్చిన సెలవు రోజున ఆమే గోడ చుట్టూ తిరిగి, చేత చిన్న పీట పట్టుకుని మా ఆవరణలోకి వచ్చింది. టార్పాలిన్ లేపమంది. లేపాను. ఇద్దరం కాసేపు చూశాం. తుప్పు నేను వదిలిన చోట ఆగలేదు. అది నాకంటే క్రమశిక్షణ కలది.

"చూడు అత్తా, ఇదంతా ఎప్పటికవుతుంది? చూస్తేనే కాళ్ళు చేతులు ఆడటంలేదు" అన్నాను.

"ఇదంతా ఎవరు చూడమన్నారు నిన్ను?" అంది. "కలుపుకు పోయినప్పుడు చేనంతా చూస్తామా? గట్టు మీద నిలబడి చేనంతా చూసేది ఆసామి. కూలికొచ్చినోళ్ళు మునుం చూస్కోవాల."

మునుం అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతాను. కలుపు తీసేటప్పుడు కూలీలు చేను ఒక చివర వరసగా నిలబడి, ఎవరి ముందున్న కొద్దిపాటి సాళ్ళు వాళ్ళు పట్టుకుంటారు. ఎవరు పట్టిన పట్టె వాళ్ళ మునుం. తల వంచుకుని ఆ చివరిదాకా దాన్ని తీసుకుపోవడమే పని. పక్క మునుం వాళ్ళు మాట్లాడుతుంటారు, పాడుతుంటారు, ఎగతాళి చేస్తుంటారు. ఎవరైనా వెనకబడితే, ముందు ముగించినవాళ్ళు అటు చివర నుంచి ఎదురు తీసుకుంటూ వస్తారు.

"నేను ఆసామినే గదత్తా, కారు నాదే" అన్నాను.

"అందుకే ముందుకు పోవట్లేదు" అంది.

నాకు ఎడమవైపు ముందు తలుపు చూపించి, "ఇది నీ మునుం. దీని అవతల ఏమున్నా నీకు కనపడగూడదు" అంది. పీట తీసుకెళ్ళి కారు వెనక వేసుకుని, డిక్కీ ముందు కూర్చుని, తుప్పు గీకే ఉప్పుకాగితం ఒక ముక్క అడిగి తీసుకుంది. "ఇది నాది."

"డిక్కీ ఎందుకత్తా, ఇటు నీడలోకి రారాదా?"

"నేను పట్టిన మునుం మార్చను" అంది.

అలా ఆ చలికాలం కొన్ని ఆదివారాలు గడిచాయి. చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, మోకాళ్ళకు బామ్ రాసుకుని ఆమె వచ్చేది. నేను తలుపు గీకేవాణ్ణి, ఆమె డిక్కీ గీకేది. మధ్యలో కారు ఉండడం వల్ల ఒకరికొకరు కనబడేవాళ్ళం కాదు, మాటలు మాత్రం కారు మీదుగా పోయేవి. నా గీకుడు చప్పుడు ఆగితే అటు నుంచి, "మస్తానూ, నిద్రపోయినావా?" అని వినబడేది. నా జీవితంలో ఒక పనిని పని కోసం కాకుండా పక్క మునుం ముందుకు పోతోందన్న రోషంతో చేయడం అదే మొదలు. తలుపు పూర్తయింది. నిజంగానే పూర్తయింది. ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టాను: "నాయన కారు. మా బంగారు రోజులు." కాలేజీలో అందరూ హృదయాలు పంపారు.

ఆ మరుసటి ఆదివారమే అనుకుంటాను, డిక్కీ లోపల చెయ్యి పెట్టి తడుముతున్న చప్పుడు వినబడింది.

"ఇక్కడ ఒక గుబ్బ ఉండాల నాయనా. నడుముకు గుచ్చుకునేది. ఉందా ఇంకా?" అంది. ఇంకొంచెం లోపలికి తడిమి, "ఇదిగో, ఉంది" అంది, పాత చుట్టం కనబడినట్టు.

నేను లేచి అటు వెళ్ళాను. "నీకెట్ల తెలుసు అత్తా?"

"ఎట్ల తెలుసంటే ఏం చెప్పేది? ఎన్ని ఏళ్ళు కూర్చున్నా ఇందులో!"

మిరపకాయల కోతలకు వాళ్ళ పల్లె ఆడవాళ్ళు ఏటా గుంటూరు వైపు పోయేవాళ్ళు. దొనకొండలో రైలెక్కాలి. దొనకొండ దాకా మా నాయన కారే. వెనక సీటు ఊళ్ళోవాళ్ళకు. ఊరవతల పల్లెవాళ్ళు డిక్కీలో. డిక్కీ మూత పైకెత్తి తాడుతో కట్టేవాడు నాయన. ఆ నోట్లో నలుగురైదుగురు ఆడవాళ్ళు మూటలు ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళు బయటికి వేలాడేసుకుని కూర్చునేవాళ్ళు. చార్జీ అందరికీ ఒకటే.

"గాలి మాత్రం బాగా వచ్చేది" అని నవ్వింది దానమ్మత్త. "దుమ్ము ఇంకా బాగా వచ్చేది. దొనకొండలో దిగేతలికి ఒకరి మొహం ఒకరం గుర్తుపట్టేటోళ్ళం కాదు. స్టేషన్ కుళాయి కాడ కడుక్కుంటే, ఓసి నువ్వా అనుకునేటోళ్ళం."

నేను కూడా నవ్వాను. ఆమె చెప్పిన తీరు అలాంటిది. నవ్వు ముగియకముందే ఆమె ఇంకో మాట అంది.

"ఒకసారి ప్రభుదాసు కడుపులో ఉన్నాడు. ఎనిమిదో నెల. ఆ పొద్దు వెనక సీటు ఖాళీ. ఊళ్ళోవాళ్ళు ఎవరూ రాలేదు. నేనొక్కదాన్నే."

"మరి?"

"మరేంది, డిక్కీలోనే కూర్చున్నా. మీ నాయన ఎక్కమనలేదు, నేను అడగలేదు. మంచోడే మీ నాయన, ఎత్తుపల్లాల కాడ నిమ్మళంగా పోనిచ్చినాడు. అట్ల ఉండింది అప్పుడు." గుబ్బ మీద ఉప్పుకాగితం రుద్దుతూ, "నువ్వు ముందు సీట్లో నిలబడి వెనక్కి చూస్తా ఉండేటోడివి, ఇంత ఉండేటోడివి. నేను కారు పక్క నుంచి వెనక్కి పోతుంటే నాకు చెయ్యి ఊపినావు కూడా" అంది.

నాకు ఆ ప్రయాణాలు గుర్తున్నాయి. ముందు సీటు, నాయన పక్క, కిటికీలోంచి గాలి. వాటినే బంగారు రోజులన్నాను. వెనక సీటు మీదుగా వెనకద్దంలోంచి చూస్తే ఎత్తిన డిక్కీ మూత తప్ప ఏమీ కనబడేది కాదని, దాని అవతల మనుషులు ఉండేవాళ్ళని నాకు తెలుసు. తెలిసి ఇన్నేళ్ళలో ఒకసారైనా దాన్ని గురించి ఆలోచించలేదు. జేబులోంచి ఫోను తీసి స్టేటస్ తుడిచేశాను. అప్పటికి అది రెండు వందల మంది చూశారు. ఆమె ఒక్కతే చూడలేదు. ఆమె ఫోనులో వాట్సాప్ లేదు.

"అత్తా, కారు అయినాక మొదట నువ్వే. వెనక సీట్లో, కిటికీ పక్కన. దొనకొండ దాకా" అన్నాను.

ఆమె రుద్దడం ఆపింది. డిక్కీలోకే చూస్తూ, "మొహం కడుక్కునే పని లేకుండా దొనకొండలో దిగాల నాయనా, ఒక్కసారి" అంది.

సిగ్గుపడితే మనిషి పని చేస్తాడని కొందరంటారు. నా విషయంలో సిగ్గు బ్రేకులా పనిచేసింది. కారుకు అప్పటికి బ్రేకులు లేవు గనక, ఉన్న బ్రేకు అదొక్కటే. కారు దగ్గరికి పోవాలంటేనే ఆ పొద్దు ఖాళీగా పోయిన వెనక సీటు కళ్ళ ముందు కనబడేది. పరీక్షలన్నాను, పేపర్లు దిద్దాలన్నాను, షమీం పుట్టింట్లో పెళ్ళన్నాను. ఆమె ఒక్కతే వచ్చి డిక్కీ ముగించింది. మొత్తం కారులో తుప్పు మరక లేకుండా పూర్తయిన భాగం అదే. తర్వాత గోడ మీంచి అడగడం కూడా తగ్గించింది. అడగకపోవడం అడగడం కంటే గట్టిగా వినబడుతుందని ఆమెకు తెలియదనుకుంటాను. తెలుసేమో కూడా.

ఎండలు ముదిరాక ఆమె కంటి ఆపరేషనుకని గిద్దలూరులో చెల్లెలింటికి వెళ్ళింది. ఒక సాయంత్రం ఫోను చేసింది. వెనకాల జనం మాటలు, ఎవరో పాడుతున్న చప్పుడు.

"మస్తానూ, స్టార్టయిందా?"

కాకతాళీయంగా, ఆ పూటే నేను టార్పాలిన్ తీశాను. కార్బురేటర్ చేతిలో ఉంది. అందుకే గర్వంగా, "స్టార్టయిందత్తా!" అన్నాను. నా ఉద్దేశం పని స్టార్టయిందని. మనం వాడే ఇంగ్లీషులో పెద్ద చిక్కు ఇదే. పనీ స్టార్టవుతుంది, బడీ స్టార్టవుతుంది, వానా స్టార్టవుతుంది. బండి స్టార్టవడం వీటన్నిటికంటే అరుదైన సంగతి.

అటు నుంచి, "ప్రభువా!" అని ఒక కేక. "స్టార్టయిందంట!" అని ఎవరికో చెప్పింది. చప్పట్లు వినబడ్డాయి. నేను సరిదిద్దడానికి నోరు తెరిచాను. ఫోను కట్టయింది. మళ్ళీ చేసి చెప్పవచ్చు కదా అని మీరు అడగవచ్చు. షమీం అదే అడిగింది.

"రేపు చేస్తాలే" అన్నాను.

రేపటికి ప్రభుదాసు వచ్చాడు. వచ్చే ఆదివారం సాయంత్రం మా ఆవరణలో కృతజ్ఞత కూడిక అని చెప్పాడు. ఉద్యోగమొచ్చినా, రోగం నయమైనా, ఇల్లు కట్టినా వాళ్ళు దేవుడికి కృతజ్ఞత చెప్పడానికి కూడుకుంటారు. కారు స్టార్టయినందుకు కూడుకోవడం ఇదే మొదటిసారట. "మాయమ్మ కంటి కట్టు విప్పగానే ముందు మీ కారునే చూస్తాదంట" అని వెళ్ళిపోయాడు. ఆ వారమంతా నేను మనిషి చేయగలిగినంత పని చేశాను. ఆసామి చూపు మానేశాను. ఒక గొట్టం ఒక మునుం, ఒక తీగ ఒక మునుం. శనివారం నాటికి సీట్లు, తలుపులు వాటి చోట్లకు చేరాయి, ఇంజను ఒకసారి దగ్గింది. నాలుగు సిలిండర్ల ఇంజను గురించి పదిహేనేళ్ళుగా బోర్డు మీద బొమ్మ వేసి చెబుతున్నాను. ఆ బొమ్మ ఒక్కసారి కూడా ఇలా మొరాయించలేదు.

ఆదివారం సాయంత్రం షామియానా వేశారు. మైకు పెట్టారు. నలభై మందికి పైగా వచ్చారు. దానమ్మత్త నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, తెల్ల చీర కట్టుకుని, పౌడరు రాసుకుని వచ్చింది. ఆ పౌడరు చూశాక, చెప్పాల్సింది చెప్పకుండానే వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చున్నాను. అయ్యగారు పాట అయ్యాక, "సార్, తాళం తిప్పండి, ఆ శబ్దం వినే స్తోత్రం చెబుదాం" అన్నారు. తిప్పాను. ఇంజను దగ్గలేదు కూడా.

దిగి, అందరి ముందూ నిలబడి, "అత్తా, నేను స్టార్టయిందన్నది పని గురించి. బండి గురించి కాదు. అప్పుడే చెప్పాల్సింది" అన్నాను. నేను నోరు తెరిస్తే నవ్వే జనం ఆ రోజు నవ్వలేదు. మైకు ఒక్కటే గుయ్యిమంది.

దానమ్మత్త కళ్ళద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. ముఖంలో ఏముందో నాకు కనబడలేదు. చూడడానికి నేనూ ప్రయత్నించలేదు.

"సరేలే. ఏదో ఒకటి స్టార్టయింది గదా" అంది చివరికి. "వెనక తలుపు తియ్యి."

"అత్తా, ఇది పోదు."

"తోస్తే పోతుంది. ఇంతమంది ఉన్నారు, అన్నం తినే వస్తిరి గదా అందరూ?"

అప్పుడు నవ్వారు. నవ్వుతూనే కారు చుట్టూ చేరారు. ఆమె రెండు చేతులతో మోకాలు పట్టుకుని లోపల పెట్టి, వెనక సీటు మీద కూర్చుని, జరిగి జరిగి కిటికీ పక్కకు చేరింది. ఈలోపు ముగ్గురు పిల్లలు డిక్కీ మూత ఎత్తి అందులోకి ఎక్కారు. మూత చప్పుడు వినగానే ఆమె వెనక్కి తిరగకుండానే, "దిగండి" అంది. అంత గట్టి గొంతు ఉన్న మనిషి అంత మెల్లగా మాట్లాడడం నేను అప్పుడే విన్నాను. "అందులో ఎవురూ కూర్చోగూడదు. ఆ మూత ముయ్యి ప్రభుదాసూ."

ప్రభుదాసు మూశాడు. ఆటో వేసుకుని పైలట్ లాగా ముందు నడిచాడు. నేను స్టీరింగు పట్టుకున్నాను. బ్రేకులు అప్పటికి ఒక ఆశ మాత్రమే. అయ్యగారు కూడా చొక్కా చేతులు మడిచి భుజం ఆనించారు. కారు కదిలింది. మా వీధి దాటి, నీళ్ళ ట్యాంకు మలుపు తిరిగి, బడ్డీకొట్ల ముందు నుంచి పోతుంటే జనం లేచి చూశారు. దానమ్మత్త అద్దం దించి మోచెయ్యి బయట పెట్టి, తెలిసినవాళ్ళకూ తెలియనివాళ్ళకూ వందనాలు చెప్పింది. నాకు అద్దంలో ఆమె కనబడుతూనే ఉంది. అటువైపు చూడకుండా బండి నడపడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

చర్చి గేటు దగ్గర ఆగాం. ఆగడం కూడా జనమే పట్టుకుని ఆపారు. ఆమె దిగి, తోసినవాళ్ళు రొప్పుతుండగా, అక్కడే నిలబడి, వాళ్ళ పద్ధతిలో, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పింది. మైకు మా ఇంటి దగ్గరే ఉండిపోయింది. ఆమెకు అది అక్కర్లేదు.

"నేను ఈ సారును రోజూ అడిగేదాన్ని, ఎంతవరకు వచ్చింది నాయనా అని. ఈ పొద్దు నేనే చెబుతున్నా. చర్చి దాకా వచ్చింది. దేవునికి స్తోత్రం. ఇంక దొనకొండ ఒక్కటే మిగిలింది."

అందరూ స్తోత్రం అన్నారు. నేను కూడా అన్నాను.

ఆ మిగిలింది మిగిలిపోయింది. దాన్ని హాస్యంగా చెప్పే మార్గం కోసం చాలా రోజులు వెతికాను. ఆ వేసవి అయ్యాక కాలేజీ తెరిచారు. వచ్చే నెల అన్నాను. పండగ కానీ అన్నాను. ఆమె, "తొందరేం లేదులే, నీ మునుం నువ్వు పోనీ" అనేది. వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక తెల్లవారుజామున ప్రభుదాసు గోడ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఎప్పుడూ నవ్వుతూ వచ్చేవాడు. ఆ రోజు, "మాయమ్మ పోయింది సార్" అన్నాడు.

సమాధుల దొడ్డికి ఆమెను చర్చివాళ్ళ బండిలో తీసుకుపోయారు. నా కారు టార్పాలిన్ కింద ఉంది.

ఇంజను ఆ తర్వాతి ఏడాది స్టార్టయింది. పని కాదు, బండే. అప్పుడు నా పక్క మునుంలో ఎవరూ లేరు. గీకుడు ఆపితే నిద్రపోయినావా అని అడిగే గొంతు లేదు. అయినా ఆదివారం మధ్యాహ్నం అన్నం తినగానే కాళ్ళు అటే పోయేవి. ఒక రోజుకు ఒక మునుం, తల వంచుకుని. ఇప్పుడు పరీక్ష పేపర్ల కట్టలు దిద్దేటప్పుడు కూడా అంతే, కట్టను చూడను. ఎవరైనా సగం కట్టిన ఇల్లో సగం రాసిన పుస్తకమో చూపిస్తే, అయిపోయిందా అని అడగను. ఎంతవరకు వచ్చింది అంటాను. వాళ్ళు ఎంతవరకు చెబితే అంతవరకు వచ్చినందుకే సంతోషం చూపిస్తాను. ఇదంతా ఆమె ఇచ్చిందే. ఇచ్చినంత ఇచ్చి, తనకు కావాల్సింది ఒక్కటే అడిగింది.

కారు రోడ్డెక్కిన మొదటి రోజు షమీంను కూడా ఎక్కమనలేదు. ఆమె కూడా అడగలేదు, ఎందుకో ఆమెకు తెలుసు. ఒక్కణ్ణే దొనకొండకు వెళ్ళాను. ఎత్తుపల్లాల దగ్గర నిమ్మళంగా పోనిచ్చాను. దారి పొడుగునా వెనకద్దంలో వెనక సీటు, కిటికీ పక్క చోటు కనబడుతూనే ఉన్నాయి. మా నాయన కాలంలో ఆ సీటు ఆమె ఉండగా ఒకసారి ఖాళీగా దొనకొండ పోయింది. నా కాలంలో ఆమె లేక ఇంకోసారి.

స్టేషన్ ముందు ఆపాను. దిగి, చుట్టూ తిరిగి వెళ్ళి, వెనక తలుపు తీసి, మనిషి దిగడానికి పట్టేంత సేపు పట్టుకుని నిలబడ్డాను. బామ్ వాసన వచ్చింది. టీ బంకు దగ్గర కూర్చున్నాయన, "ఎవురన్నా వస్తున్నారా సార్?" అని అడిగాడు. తలుపు వేసేశాను.

రోడ్డు అంతా తారు రోడ్డే. అద్దాలు ఎక్కించుకునే వచ్చాను. మొహం మీద రవ్వంత దుమ్ము లేదు. అయినా కుళాయి ఎక్కడుందో అడిగి తెలుసుకుని, దాని కిందికి వంగి, చాలాసేపు కడుక్కున్నాను.